మూలల నుంచి మొదలుపెట్టండి: ప్రీ-రాఫెలైట్ బొమ్మలు చూడటం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్ వైపు మన తెలుగు ఇళ్లలో దేవుడి గూట్లో ఒక పక్క జగన్నాథుడి పటం, ఇంకో పక్క రవివర్మ లక్ష్మీదేవి ఉండటం మామూలే. ఒకటి ఒడియా చిత్రకారుల చేతిపని, ఇంకోటి ప్రెస్సులో అచ్చయిన నూనెరంగుల బొమ్మ. ఈ రెండూ చూస్తూ పెరిగినవాళ్లకి ప్రీ-రాఫెలైట్ చిత్రాలు, అంటే లండన్లో కొందరు కుర్ర చిత్రకారులు గుంపు కట్టి గీసిన బొమ్మలు, ఇట్టే నచ్చాలి నిజానికి. కానీ ఫోన్లో ఒకటి ఎదురైతే "ఎర్రజుట్టు అమ్మాయి, ఏదో బాధలో ఉంది పాపం" అనుకుని పైకి తోసేస్తాం. నేను చెప్పేదల్లా ఒక్కటే: వీటిని రవివర్మ బొమ్మ చూసినట్టు కాకుండా పటం చూసినట్టు చూడండి.

రవివర్మ బొమ్మల్లో చాలావాటికి మన కన్ను నేరుగా ముఖం దగ్గరికి వెళ్లిపోతుంది. వెలుగంతా అక్కడే ఉంటుంది, వెనకాల చెట్లూ మబ్బులూ మెత్తగా మసగ్గా ఉండి పక్కకి తప్పుకుంటాయి. యూరప్ అకాడమీల్లో నేర్పే పద్ధతి అదే, ఆయన దాన్ని చాలా గొప్పగా పట్టుకున్నాడు, 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి ఇంటింటికీ చేర్చాడు. పటంలో అలా కాదు. జగన్నాథుడి కళ్లకి ఎంత పని పెట్టాడో అంచులో తీగకీ అంతే పని పెడతాడు చిత్రకారుడు, చేతి వెడల్పు జాగా కూడా ఖాళీగా వదలడు. లండన్లో ఈ కుర్రాళ్లు చేసింది దాదాపు ఇదే, కాకపోతే నూనెరంగుల్లో, ఎండలో కూర్చుని. తమాషా ఏంటంటే రవివర్మ పుట్టిందీ 1848లోనే, వాళ్లు గుంపు కట్టిందీ 1848లోనే. వాళ్లు అక్కడ ఏ పద్ధతి మీద తిరగబడ్డారో ఆ పద్ధతే ఇక్కడ మన ఇళ్లలోకి దేవుడి బొమ్మగా వచ్చింది.

కథ కొంచెం చెప్పి ముందుకెళ్తాను. 1848 సెప్టెంబరులో లండన్, గోవర్ స్ట్రీట్‌లోని మిలే తల్లిదండ్రుల ఇంట్లో ముగ్గురు కలిశారు. జాన్ ఎవరెట్ మిలేకి 19, డాంటే గాబ్రియెల్ రొసెట్టికి 20, విలియం హోల్మన్ హంట్‌కి 21. తర్వాత ఇంకో నలుగురు చేరి ఏడుగురయ్యారు, అందులో ఉలి పట్టే థామస్ వూల్నర్ ఒకడు. ముగ్గురూ రాయల్ అకాడమీలో చదువుకుంటున్నవాళ్లే. అక్కడ పాత ఇటలీ చిత్రకారుడు రాఫేల్ అంటే శిఖరం, బొమ్మ గీస్తే ఆయనలాగే మనుషుల్ని త్రికోణంగా పేర్చాలి, నీడలు గోధుమరంగులో ఉండాలి, ముఖ్యమైనవాడి మీదే వెలుగు పడాలి. ఈ కుర్రాళ్లకి ఒళ్లు మండింది. రాఫేల్ కంటే ముందున్న ఇటలీ చిత్రకారుల దగ్గరున్న సూటిదనం మాకు కావాలన్నారు. అకాడమీ తొలి అధ్యక్షుడు సర్ జాషువా రెనాల్డ్స్‌ని "సర్ స్లోషువా" అని వెక్కిరించేవాళ్లు. 1849లో బొమ్మల మీద పేరు పక్కన పి.ఆర్.బి. (ప్రీ-రాఫెలైట్ బ్రదర్‌హుడ్) అని మూడక్షరాలు రాసి, అర్థం ఎవరికీ చెప్పలేదు. ఆ వయసులో అంతకంటే ఏం చేస్తారు!

ఇక చూడటం సంగతి. మొదటి బొమ్మగా మిలే గీసిన ఒఫీలియా తీసుకోండి, 1851-52 నాటిది, ఇప్పుడు లండన్ టేట్ బ్రిటన్‌లో ఉంది. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకంలో పిచ్చెక్కి నీళ్లలో పడి పోయిన అమ్మాయి. నాటకం తెలియకపోయినా ఫర్వాలేదు. ఫోన్లో పెద్ద సైజు ఫైలు తెరిచి, అమ్మాయి ముఖాన్ని బొటనవేలితో మూసేయండి. నేను సరదాకి చెప్పడం లేదు, నిజంగా మూసేయండి. ఇప్పుడు ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి జూమ్ చేసుకుంటూ నెమ్మదిగా కిందికి దిగండి. విరిగి వంగిన విల్లో చెట్టు, దాని కొమ్మ మీద చిన్న రాబిన్ పిట్ట, దురదగొండి జాతి మొక్క, ఒడ్డున తెల్లటి అడవి గులాబీలు, నీళ్లలో నాచు, ఆకు ఆకుకీ పచ్చదనం వేరు. పది నిమిషాలు పడుతుంది. అప్పుడు వేలు తీసి ముఖం చూడండి. ముందు చూసినప్పటి అమ్మాయి కాదు ఆవిడ, ఆ మొక్కల మధ్యలో ఇంకో మొక్కలా కనిపిస్తుంది, బొమ్మ భయపెట్టేది కూడా అక్కడే.

ఆ పచ్చదనం ఊహించి వేసింది కాదు. సర్రేలో హాగ్స్‌మిల్ అనే చిన్న నది ఒడ్డున మిలే 1851 వేసవి నుంచి నవంబరు దాకా కూర్చున్నాడు, రోజుకి పదకొండు గంటలు. ఈగలు కుడుతున్నాయని, గాలికి నీళ్లలో పడేలా ఉన్నానని, పొలంలో గడ్డి తొక్కేశావని నోటీసిస్తామంటున్నారని ఉత్తరం రాసుకున్నాడు. అన్ని నెలలు గీస్తే ఏమవుతుంది, వేరువేరు ఋతువుల్లో పూసే పూలన్నీ ఒకేసారి పూసేశాయి బొమ్మలో. మొదట నీళ్లలో ఒక ఎలుకని కూడా గీశాడట, చూసినవాళ్లు కుందేలా, కుక్కా, పిల్లా అని అడిగేసరికి తీసేశాడు. నాకు ఈ ఎలుక సంగతి భలే ఇష్టం, ఎందుకంటే ఆకుని అంత కచ్చితంగా పట్టినవాడికి ఎలుక రాలేదు చూడండి.

పూలకి అర్థాలున్నాయి. ఎర్ర గసగసాల పువ్వంటే నిద్ర, చావు. డెయిజీ అంటే కల్లాకపటం తెలియనితనం. మెడలో వయొలెట్ల దండ ఉంది చూడండి, అది పతివ్రతకీ, చిన్న వయసులో పోయినవాళ్లకీ గుర్తు. విల్లో అంటే వదిలేసిన ప్రేమ. ఆ కాలం ఇంగ్లండు జనానికి ఇవన్నీ తెలుసు, మనకి పారిజాతం అనగానే సత్యభామ గుర్తొచ్చినట్టు. కానీ ఈ అర్థాల పట్టిక ముందే చదివి బొమ్మ దగ్గరికి వెళ్లకండి. చదివి వెళ్తే పువ్వు కనిపించదు, పట్టికే కనిపిస్తుంది.

రంగులు అంతలా వెలుగుతున్నాయి ఎందుకని అడిగితే, జవాబు మన పక్కనే ఉంది. పూరీ దగ్గర రఘురాజ్‌పూర్ వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, పటం గీసేముందు గుడ్డకి చింతగింజల జిగురు పట్టించి, సుద్దపొడి పూసి, ఆరాక రాయితో రుద్ది నున్నగా తెల్లగా చేస్తారు. రంగు ఆ తెల్లటి పూత మీద కూర్చుంటుంది కాబట్టే నిగనిగలాడుతుంది. అకాడమీ పద్ధతిలో కాన్వాస్‌కి ముందు ముదురు రంగు పూసేవాళ్లు, దాంతో బొమ్మంతా పొగచూరినట్టుండేది. మిలే, హంట్ తెల్లపూత వేసుకున్నారు, అంతటితో ఆగకుండా ఆ రోజు గీయాల్సిన చిన్న ముక్క మీద మళ్లీ పల్చగా తెల్లరంగు పూసి, అది తడిగా ఉండగానే దాని మీద సన్నటి కుంచెలతో పల్చటి రంగులు వేశారు. వెలుతురు రంగు గుండా లోపలికెళ్లి తెలుపుని తాకి తిరిగొస్తుంది. తప్పు పోతే దిద్దుకోవడం కష్టం, చెయ్యి తిరగేస్తే కింది తెలుపుతో కలిసి పాడైపోతుంది. రోజుకి ఎంత ముక్క అయితే అంతే. ఫోన్ బ్రైట్‌నెస్ బాగా పెంచి చూడమనేది ఇందుకే. పుస్తకాల్లో, ముఖ్యంగా చవక ప్రింట్లలో, ఈ తెలుపు చచ్చిపోతుంది.

రెండో మెట్టు వస్తువులు చదవడం. దీనికి హంట్ 1853లో గీసిన ది అవేకెనింగ్ కాన్షెన్స్ కంటే మంచి పాఠం లేదు, ఇదీ టేట్‌లోనే ఉంది. పియానో ముందు కుర్చీలో ఒకాయన, ఆయన ఒళ్లోంచి లేస్తున్న అమ్మాయి. మొగుడూపెళ్లాల సరసంలా ఉంది కదా. ఇప్పుడు మళ్లీ మూలలకి వెళ్లండి. బల్ల కింద పిల్లి ఒక పిట్టని పట్టుకుంది, పిట్ట తప్పించుకోబోతోంది. నేల మీద విసిరేసిన గ్లోవ్ ఒకటి. చిక్కుపడిపోయిన ఊలు దారం. అమ్మాయి చేతి వేళ్లన్నిటికీ ఉంగరాలున్నాయి, పెళ్లి ఉంగరం పెట్టుకోవాల్సిన వేలికి మాత్రం లేదు. సంగతి అర్థమైంది కదా, ఉంచుకున్న మనిషి. వెనక అద్దంలో తోట కనిపిస్తోంది, అంటే ఆవిడ చూస్తున్నది మనల్ని కాదు, మన వెనకున్న పచ్చటి వెలుతురుని. ఆయన పియానో మీద వాయించిన పాత పాట ఒకటి విని, ఆవిడకి చిన్ననాటి రోజులేవో గుర్తొచ్చి లేచిపోతోంది.

జనం అప్పుడు కూడా తికమకపడ్డారు. 1854లో విమర్శకుడు జాన్ రస్కిన్ టైమ్స్ పత్రికకి ఉత్తరం రాసి వివరించాల్సొచ్చింది. ఆయన పట్టుకున్న పాయింటు నాకు ఎప్పటికీ మర్చిపోలేనిది: ఆ గదిలో ప్రతి సామానూ కొత్తదే, కొత్త చెక్క మెరుగు, కొత్త తివాచీ, ఒక్కటి కూడా వాడి అరిగింది లేదు, అంటే అది ఇల్లు కాదు. మీరు ఎవరింటికైనా వెళ్లినప్పుడు ఇలాంటివి గమనిస్తారు, బయటికి చెప్పకపోయినా. బొమ్మలోనూ అదే బుద్ధి వాడండి. ఇక ముఖం గురించి ఒక మాట, మొదట ఆ అమ్మాయి ముఖంలో బాధ ఇంకా ఎక్కువగా ఉండేదట, కొన్నాయన రోజూ చూడలేకపోతున్నానంటే హంట్ మళ్లీ గీశాడు. ఇప్పుడున్న ముఖం కొంచెం మెత్తబడ్డది, నాకైతే అందులో అతుకు తెలుస్తూనే ఉంటుంది.

మిలే గీసిన ఏసు బాల్యం బొమ్మ, వడ్రంగి కొట్టు ఉన్నది, వడ్రంగి పని తెలిసినవాళ్లతో కలిసి చూడండి. 1850లో అది పెట్టినప్పుడు చార్లెస్ డికెన్స్ తన పత్రికలో దుమ్మెత్తిపోశాడు, మరియమ్మని అంత వికారంగా గీస్తారా అని. గొడవ ఎంతైందంటే విక్టోరియా రాణి బొమ్మని తన దగ్గరికి తెప్పించుకుని చూసింది. కోపానికి కారణం నేల మీద చెక్కపొట్టు, మురికి గోళ్లు, నరాలు తేలిన చేతులు. మిలే నిజమైన వడ్రంగి కొట్లో కూర్చుని గీశాడు. యోసేపు ఒళ్లు ఒక వడ్రంగిది, తల మాత్రం మిలే వాళ్ల నాన్నది. వెనక గొర్రెల మంద కోసం కసాయి కొట్టు నుంచి గొర్రె తలలు తెప్పించుకున్నాడు. పిల్లవాడి అరచేతిలో మేకు గీరిన గాయం, ఇంకో పిల్లవాడు గిన్నెలో నీళ్లు తేవడం, నిచ్చెన మీద పావురం, ఇవన్నీ ముందు జరగబోయేవాటికి గుర్తులు. కానీ ఆ చెక్కపొట్టు చూడండి ముందు.

ఇప్పుడు మనుషుల సంగతి, ఇక్కడే చాలామంది దారితప్పుతారు, ఎందుకంటే వీళ్ల జీవితాలు బొమ్మల కంటే పెద్ద సీరియల్. రస్కిన్ భార్య ఎఫీ గ్రే 1854లో ఆ పెళ్లి రద్దు చేయించుకుని మరుసటి ఏడాది మిలేని చేసుకుంది, ఆయన్ని నెత్తిన పెట్టుకున్నది ఈ రస్కినే. ఒఫీలియాగా నీళ్లలో పడుకున్నది ఎలిజబెత్ సిడ్డల్, టోపీల కొట్లో పనిచేసే అమ్మాయి. చలికాలంలో స్నానపు తొట్టిలో పడుకోబెట్టి కింద దీపాలు పెట్టారు, దీపాలు ఆరిపోయాయి, ఆవిడ ఏమీ అనలేదు, జబ్బు చేసింది, వాళ్ల నాన్న మిలేని 50 పౌండ్లు అడిగాడు. తర్వాత రొసెట్టిని పెళ్లి చేసుకుంది, 1862లో నల్లమందు ద్రావకం ఎక్కువై చనిపోయింది. రొసెట్టి తన కవితల పుస్తకాన్ని ఆవిడ పెట్టెలో పెట్టి పాతిపెట్టాడు, ఏడేళ్లకి సమాధి తవ్వించి తీయించుకున్నాడు.

ఇంతవరకూ అందరూ చెప్తారు. ఎవరూ చెప్పనిది, సిడ్డల్ తనే బొమ్మలు గీసేది. రస్కిన్ ఆవిడ పని చూసి ఏడాదికి 150 పౌండ్లు ఇచ్చాడు, 1857లో ఈ బృందం సొంతంగా పెట్టిన ప్రదర్శనలో ఆవిడ బొమ్మలూ ఉన్నాయి, అందులో ఆడమనిషి ఆవిడొక్కతే. ఆవిడ గీసుకున్న తన ముఖచిత్రం వెతికి చూడండి. రొసెట్టి గీసిన సిడ్డల్ కళ్లు సగం మూసుకుని కలలో ఉంటుంది, ఆవిడ గీసుకున్న సిడ్డల్ కళ్లు బరువుగా, సూటిగా, కాస్త విసుగ్గా ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడటం ఈ మొత్తం విషయంలో నేను సిఫార్సు చేసే అన్నిటికంటే మంచి పని. అలాగే ఫానీ ఈటన్ అని జమైకాలో పుట్టిన ఆవిడ వీళ్లలో చాలామందికి మోడల్‌గా కూర్చుంది, గుంపులో పక్కకి నిలబడిన నల్లజాతి స్త్రీ కనిపిస్తే ఆగండి.

మన జిల్లాలవాళ్లకి ప్రత్యేకంగా ఒక బొమ్మ చెప్తాను. ఫోర్డ్ మాడక్స్ బ్రౌన్ ఈ బృందంలో అధికారికంగా సభ్యుడు కాదు, వాళ్లకంటే పెద్దవాడు, రొసెట్టికి కొన్నాళ్లు బొమ్మలు నేర్పినవాడు. 1855లో పూర్తిచేసిన ది లాస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ ఆయనది, బర్మింగ్‌హామ్‌లో ఉంది. 1852లో వూల్నర్ ఆస్ట్రేలియా బంగారు గనులకి ఓడెక్కాడు, ఆ సాగనంపడం నుంచి పుట్టిన బొమ్మ. గుండ్రటి చట్రంలో ఓడ మీద మొగుడూపెళ్లాం, మొగుడి ముఖంలో కసి, ఆవిడ ముఖంలో ఏమీ లేదు, వెనక ఇంగ్లండు తెల్ల కొండలు దూరమైపోతున్నాయి. ఒకప్పుడు గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్‌కి ఓడలెక్కిన మనవాళ్లని, ఇప్పుడు సూరత్ మగ్గాలకి రైలెక్కే గంజాం కుర్రాళ్లని చూసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మూలలు చూడండి: ఓడ అంచుకి కట్టిన వలకి క్యాబేజీలు వేలాడుతున్నాయి, దారిలో తిండికి. వెనక ఒకడు సొంత దేశం వైపు పిడికిలి చూపిస్తున్నాడు. ఆవిడ శాలువా సందులోంచి ఒక చిన్న చెయ్యి కనిపిస్తుంది, శాలువా లోపల బిడ్డ ఉంది, చాలామంది రెండోసారి చూస్తే గానీ పట్టుకోరు. చలికి చర్మం రంగు ఎలా మారుతుందో కావాలని బ్రౌన్ పెరట్లో చలిలోనే గీశాడు, కూర్చున్నది ఆయనా, ఆయన భార్య ఎమ్మా. గాలికి ఎగిరే ఆ ఎర్ర రిబ్బన్లకే నాలుగు వారాలు పట్టిందట. ఇది నచ్చితే ఆయనదే వర్క్ అనే బొమ్మ చూడండి, మాంచెస్టర్‌లో ఉంది, లండన్ వీధిలో గుంత తవ్వే కూలీలు నడిమధ్యలో, పెద్దమనుషులు పక్కకి. 1852లో మొదలై 1865లో ముగిసింది, దానికి ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం కేటాయించాలి.

రొసెట్టి గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మొదట్లో గీసిన కన్య మరియ బొమ్మలు, మధ్యలో చిన్నచిన్న నీటిరంగు బొమ్మలు బాగుంటాయి, బిగువుగా, వింతగా. 1859 తర్వాత వరసగా వచ్చిన పెద్ద పెదవులు, పొడుగు మెడ, దట్టమైన జుట్టు ఉన్న ఆడవాళ్ల బొమ్మలు మూడు చూస్తే చాలు. ఆ మూడిట్లో జేన్ మోరిస్ అనే ఆవిడ మోడల్‌గా దానిమ్మపండు పట్టుకున్న ప్రాసెర్పైన్ ఒకటి ఉండాలి, సిడ్డల్ పోయాక ఆవిడ గుర్తుగా గీసిన బియాటా బియాట్రిక్స్ ఒకటి ఉండాలి. ఇక్కడ మూలల పద్ధతి పనిచేయదు, ఇవి ముఖం చుట్టూ కట్టిన బొమ్మలు, అంటే తిరిగి రవివర్మ కన్నే వాడాలి.

అసలు గుంపు 1853 నాటికే చెదిరిపోయింది. ఆ ఏడాది మిలే అకాడమీలో అసోసియేట్ సభ్యుడిగా చేరిపోయాడు, చివరికి 1896లో దానికే అధ్యక్షుడై అదే ఏడాది చనిపోయాడు, మధ్యలో ఆయన గీసిన బుడగల పిల్లాడి బొమ్మ పియర్స్ సబ్బు ప్రకటన అయింది. హంట్ మాత్రం మారలేదు, మేక బొమ్మ కోసం మృత సముద్రం దాకా పోయి ఉప్పు ఒడ్డున కూర్చున్నాడు. రెండో విడతలో ఎడ్వర్డ్ బర్న్-జోన్స్, విలియం మోరిస్ వచ్చారు, వీళ్ల దారి వేరు, ప్రకృతి కంటే పాత కథలు, అలంకారం. మన నేతపని ఇళ్లవాళ్లకి మోరిస్ అచ్చుగుడ్డలు ఎక్కువ నచ్చుతాయి, 1883లో నీలిమందుతో చేసిన స్ట్రాబెర్రీ థీఫ్ చూడండి. ఒక జాగ్రత్త: పడవలో తెల్లగౌను అమ్మాయి, ది లేడీ ఆఫ్ షలాట్, ఈ బృందం బొమ్మ అని నెట్‌లో తిరుగుతుంటుంది. అది వాటర్‌హౌస్ 1888లో గీసింది, బృందం పుట్టినప్పటికి ఆయన పుట్టనేలేదు. బొమ్మ మంచిదే, కానీ దగ్గరికెళ్తే కుంచె గీతలు వదులుగా ఉంటాయి, రెల్లు రెల్లుగా విడిగా ఉండదు. ఒఫీలియా చూశాక అది చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయంటే, ముందు బొమ్మ ఉన్న మ్యూజియం సొంత సైటుకి వెళ్లండి, రంగులు అక్కడే నమ్మదగ్గవి. బర్మింగ్‌హామ్ మ్యూజియం వాళ్లు తమ పాత చిత్రాల పెద్ద ఫైళ్లు ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెట్టారు. వికీమీడియా కామన్స్‌లో ఒకే బొమ్మ నాలుగు రంగుల్లో ఉంటుంది, పసుపురంగుకి తిరిగిపోయినదాన్ని వదిలేయండి. సైజు కూడా చూసుకోండి, ఒఫీలియా 76 సెంటీమీటర్ల ఎత్తు, 112 వెడల్పు, అంటే మనం అనుకునే గోడంత బొమ్మ కాదు. నూనెరంగు నిజంగా ఎలా మెరుస్తుందో తెలియాలంటే హైదరాబాద్ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్‌లో యూరప్ చిత్రాల గదికి వెళ్లండి, అవి వీళ్లవి కాకపోయినా కంటికి అలవాటవుతుంది. ఇంగ్లండులో చదువుకుంటున్న పిల్లలెవరైనా మీ ఇంట్లో ఉంటే, టేట్ బ్రిటన్‌లోనూ మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలోనూ శాశ్వతంగా పెట్టిన బొమ్మలకి టికెట్ ఉండదని చెప్పండి. బయల్దేరే ముందు మాత్రం బొమ్మ గోడ మీద ఉందో లేదో సైటులో చూసుకోమనండి, వీటిని వేరే దేశాల ప్రదర్శనలకి తరచుగా పంపిస్తుంటారు.